అడవిలో విడిది: కుటుంబమునకు విశ్రాంతి లభించునా?

జహీరాబాదునకు నైరుతి దిక్కున, తెలంగాణ కర్ణాటక సరిహద్దును ఆనుకొని, చింతలు, మోదుగలు, తునికి చెట్లు, సీతాఫలపు పొదలు గల ఎఱ్ఱనేల గుట్టలు వరుసగా ఉన్నవి. సరిహద్దున గొట్టంగుట్ట, దానికి ఆవల చంద్రంపల్లి జలాశయము, వాని చుట్టును చించోళి అడవి. ఈ అడవిలో సుమారు 135 చదరపు కిలోమీటర్ల భాగమును కర్ణాటక ప్రభుత్వము 2011లో వన్యప్రాణి అభయారణ్యముగా ప్రకటించినది. హైదరాబాదు నుండి జహీరాబాదు సుమారు 100 కిలోమీటర్లు. 65వ నంబరు జాతీయ రహదారి బాగున్నది. కనుక సెలవు దినము వచ్చినదే తడవుగా నగరపు కుటుంబములు ఈ గుట్టల వైపు బయలుదేరుచున్నవి. వారికి విడిది కట్టింతుమనువారును, స్థలము కొందుమనువారును పంచాయతీ కార్యాలయముల మెట్లు ఎక్కుచున్నారు.

ఇట్టి సమయమున పంచాయతీ సభ్యులు రెండు ప్రశ్నలు వేసికొనవలసియున్నది. అడవిలో రెండు మూడు దినములు గడుపుట కుటుంబమునకు నిజముగా విశ్రాంతియేనా? అగుచో, దానివలన ఊరికి ఒరుగునదేమి? మొదటి ప్రశ్నకు సమాధానము తెలియనిదే రెండవదానికి సమాధానము దొరకదు. వచ్చిన కుటుంబము సుఖపడనిచో మరల రాదు. కట్టిన గుడిసెలు గబ్బిలముల పాలగును.

అడవిలో విడిది గ్రామమను పద్ధతి మొదట ప్రసిద్ధిపొందినది ఐరోపాలో. నెదర్లాండ్స్ దేశమున క్రీడాసామగ్రి వర్తకుడైన పీట్ డెర్క్‌సెన్ 1968లో చెట్ల నడుమ చిన్న చిన్న ఇండ్లు కట్టించి, సెలవు దినములలో కుటుంబములకు అద్దెకిచ్చెను. అదియే తరువాత సెంటర్ పార్క్స్ అను పేర వ్యాపించినది. 1987లో ఇంగ్లండు నందలి షెర్‌వుడ్ అడవిలోను అట్టి గ్రామము వెలసినది. అచ్చటి వానలకు, చలికి జంకి 1980 నుండి వారు పైకప్పు క్రింద వెచ్చని నీటి కొలనులు కూడ కట్టసాగిరి. వారి పద్ధతిలో మనము గ్రహింపదగినది కొలను కాదు. వచ్చినవారు సామాను దించి కార్లను గ్రామము వెలుపల నిలిపివేయుదురు. లోపల నడక, సైకిలు మాత్రమే. పిల్లలను భయము లేక వదలుటకు వీలైన బాట ఉండుటయే ఆ గ్రామముల ఆకర్షణలో పెద్ద భాగమని మా అభిప్రాయము.

మనకు ఈ భావము క్రొత్తదేమియు కాదు. కార్తికమాసమున ఉసిరిచెట్టు క్రింద వంట చేసికొని భుజించు ఆచారము ఎంత పాతదో చెప్పలేము. ఝరాసంగములోని కేతకీ సంగమేశ్వరుని జాతరకు బండ్లు కట్టుకొనిపోయి చెట్ల నీడన రాత్రి గడపిన పెద్దలు ప్రతి ఊరిలోను ఉన్నారు. అనంతగిరి గుట్టలపై క్షయరోగులకై ఆస్పత్రి నెలకొల్పినది కూడ అచ్చటి చెట్లగాలి మేలు చేయునను నమ్మకముతోనే. ఇప్పుడా గుట్టలపై పర్యాటక శాఖవారి విడిది కూడ ఉన్నది.

ఇక విశ్రాంతి మాట. ఇందు మొదట చూడవలసినది ఋతువు. పాఠశాలలకు దీర్ఘమైన సెలవు వేసవిలో వచ్చును. కావున కుటుంబములు ప్రయాణము తలపెట్టునది మే నెలలో. కాని జహీరాబాదు ప్రాంతపు అడవి ఆకురాల్చు అడవి. మాఘమాసము దాటినది మొదలు ఆకు రాలును. వేసవి ముదిరిన కొలది వాగులు ఎండును, ఎండ నలువది డిగ్రీలు దాటును, ఎండుటాకులకు నిప్పంటుకొను ప్రమాదము పెరుగును. నీడ కొఱకు వచ్చినవారికి మోడులు కనబడును. ఫాల్గుణములో మోదుగ పూచినపుడు గుట్టలు ఎఱ్ఱబారి కన్నుల పండువుగా ఉండుమాట నిజమే. అది ఒక పూట చూచి పోవుటకు తగినది, పిల్లలతో మూడు దినములు నిలుచుటకు తగినది కాదు. మే నెలలో ఈ గుట్టలకు వచ్చి, అడవి యనిన ఇంతేనా యని నిరాశతో మరలిపోయిన కుటుంబములను మేము ఎరుగుదుము. తప్పు అడవిది కాదు, మాసముది.

మంచి కాలము దసరా నుండి సంక్రాంతి వఱకు. వానలు వెనుకబట్టి కుంటలు నిండియుండును, చెట్లు పచ్చగా ఉండును. దసరా సెలవులు సీతాఫలముల ఋతువుతో కలిసివచ్చును. సంక్రాంతి సెలవులకు చలి హెచ్చుగా ఉండును. శీతకాలమున రాష్ట్రములో అతి తక్కువ ఉష్ణోగ్రత నమోదగుచున్న చోట్లలో మన కోహీరు తరచుగా ఒకటి యగుచున్నది. ఈ సంగతి తెలియక పలుచని దుప్పటితో వచ్చు పట్నవాసులు రాత్రియంతయు నిద్రలేక గడుపుదురు. ఆ రోజులలోనే, 1983లో ఏర్పడిన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘములు పస్తాపురము పరిసరములలో పాత పంటల జాతర జరుపుచుందురు. అలంకరించిన ఎడ్లబండ్లపై జొన్న, కొఱ్ఱ, సామ, పప్పుధాన్యముల విత్తనములు ఊరూర తిరుగును. పిల్లలకు ఇంతకు మించిన పాఠమేది?

రెండవది, విశ్రాంతి ఎవరికి అను ప్రశ్న. విడిదిలో వంటగది ఉన్నది, గ్యాసు ఉన్నది, స్వేచ్ఛగా వండుకొనవచ్చునని ప్రకటనలలో గొప్పగా వ్రాయుదురు. వండునది ఎవరు? ఇంటివద్ద పొయ్యి ముందు నిలుచు ఇల్లాలు అడవిలోను పొయ్యి ముందే నిలుచును. పైగా ఇచ్చట నీరు మోయవలెను, కోతులనుండి గిన్నెలు కాచుకొనవలెను. పురుషులు చెట్టు క్రింద పేకముక్కలు పంచుకొని, ఎంత హాయిగా ఉన్నదో యందురు. ఇది కుటుంబ విశ్రాంతి కాదు. ఊరి మహిళా సంఘములు జొన్నరొట్టె, పుంటికూర, పప్పు, చల్ల వండిపెట్టు ఏర్పాటు ఉన్న చోటికే కుటుంబముతో పోవుట మేలు. వండిపెట్టినవారికి నాలుగు రూపాయలు వచ్చును, వచ్చిన గృహిణికి రెండు దినములు చేయి తడవకుండ గడచును. స్త్రీలకు దీపమున్న మరుగుదొడ్డి, గడియ పడు తలుపు ఉన్నదా యని పోవుటకు ముందే అడిగి తెలిసికొనవలెను. ముసలివారు వచ్చునపుడు గుట్ట మీది గది కంటె దిగువ గది మేలు.

పిల్లల సంగతి చెప్పవలసివచ్చినచో, వారికి అడవిలో జంతువులు చూపింతుమని ఆశపెట్టరాదు. ఈ అడవులలో తోడేళ్లు, దుమ్ములగొండ్లు, నక్కలు, జింకలు ఉన్నను అవి మనుష్యుని అలికిడికి తొలగిపోవును. పక్షులు, పుట్టలు, బెరడులు, అడుగుజాడలు కనబడును. విద్యుద్దీపములు లేని రాత్రి నక్షత్రములు కనబడును. వీనిని పేరుపెట్టి చూపగలవాడు పశువుల కాపరి. అతనికి కూలి యిచ్చి ఒక ఉదయము వెంట తీసికొనిపోయినచో, సెల్‌ఫోను పట్టుకొనక రెండు గంటలు గడపలేని పిల్లవాడును ఆసక్తితో నడచును.

అపాయములను గూర్చి దాపరికము పనికిరాదు. ఎఱుగని జలాశయములో దిగుట అన్నిటికంటె ప్రమాదకరము. ఒడ్డున లోతు తెలియదు, అడుగున బురద ఉండును. పాములకు భయపడి అడవి మానుకొననక్కరలేదు గాని, చీకటిలో దీపము, కాళ్లకు బూట్లు ఉండవలెను. ఎవరినైనను పాము కరచినచో గాయమును కోయుట, నోటితో పీల్చుట, త్రాడు బిగించి కట్టుట, పసరు పోయుట చేయరాదు. ఉంగరములు, గాజులు తీసివేసి, కరచిన అవయవము కదలకుండ ఉంచి, వెంటనే ఆస్పత్రికి చేర్పవలెను. విరుగుడు సూది మందు అచ్చటనే లభించును. 2005 నుండి పనిచేయుచున్న 108 వాహనమును పిలుచుటకు గుట్టలలో ఫోను అందక పోవచ్చును. కావున ఫోను అందు స్థలమేదో విడిది వారు వచ్చినవారికి మొదటి గంటలోనే చూపవలెను. కోతులకు తిండి వేయుట వినోదమని తలచువారున్నారు. వారు వేసిన బిస్కెట్టు ఫలితమును తరువాత మన పంటలు, పెంకుటిండ్లు అనుభవించును.

అందుచేత, మొదటి ప్రశ్నకు మా సమాధానమిది: తగిన మాసములో, రెండు రాత్రులకు మించక, వంటభారము ఇల్లాలిపై పడని చోట అడవి విడిది మధ్యతరగతి కుటుంబమునకు మంచి విశ్రాంతియే. అప్పు చేసి పోదగినది మాత్రము కాదు. మన పల్లెవాసులకును ఇది వర్తించును. అడవి ప్రక్కనే ఉండియు, కట్టెలకు, పశువులకు తప్ప ఒక దినము దాని నీడలో కూర్చుండని కుటుంబములు మనలో అనేకము. 2019లో పల్లె ప్రగతి ప్రారంభమైన తరువాత ఊరూర నాటిన పల్లె ప్రకృతి వనములు ఇప్పుడు కొన్నిచోట్ల చక్కని నీడనిచ్చుచున్నవి. చంటిపిల్లల కుటుంబములు ముందు అచ్చట ఒక పూట గడపి చూచుట సుకరము.

ఇక ఊరి లాభము. దీనికి మారేడుమిల్లి మంచి ఉదాహరణము. ఉమ్మడి రాష్ట్రములో 1992 నుండి అడవుల సంరక్షణలో గ్రామస్థులకు భాగమిచ్చి వన సంరక్షణ సమితులను ఏర్పరచిరి. 2002లో ప్రపంచ బ్యాంకు సహాయముతో ఆ పని విస్తరించినది. తూర్పుకనుమలలో రాజమహేంద్రవరము నుండి భద్రాచలము పోవు దారిలో నున్న మారేడుమిల్లిలో అటవీశాఖ తోడ్పాటుతో ఆ సమితులు విడుదులు నడుపుటకు పూనుకొన్నవి. దారి చూపువారు, వండువారు, ఊడ్చువారు ఆ ఊళ్ల గిరిజనులే. ఆదాయములో సమితికి భాగము కలదు. వెదురుబొంగులో కోడి వండు వారి వంట నేడు దేశమంతట పేరుపొందినది. అయితే ఒక భేదము గమనింపవలెను. మారేడుమిల్లి షెడ్యూల్డు ప్రాంతము. 1996 నాటి చట్టము అచ్చటి గ్రామసభకు విశేషాధికారము లిచ్చినది. జహీరాబాదు ప్రాంతమునకు ఆ చట్టము వర్తింపదు. ఇచ్చటి పంచాయతీ తనకున్న సామాన్యాధికారములతోనే పని జరుపుకొనవలెను.

రిజర్వు అడవిలో గజము నేలనైనను విడిదికి ఇచ్చు అధికారము పంచాయతీకి లేదు. 1980 నాటి అటవీ సంరక్షణ చట్టము, 2023లో దానికి జరిగిన సవరణలు ఆ విషయమును నిర్ణయించును; తలుపు తట్టవలసినది అటవీశాఖను. అడవి అంచున పట్టాభూమిలో కట్టువారు వ్యవసాయేతర వినియోగమునకు అనుమతి పొందవలెను. ఆ పత్రములు చూపక, అడవి అందాలను రంగుల కాగితముపై ముద్రించి ప్లాట్లు అమ్మువారి విషయములో సభ్యులు కఠినముగా ఉండుట అవసరము.

అన్నిటికంటె ముఖ్యము నీటి లెక్క. పది గదుల విడిదిలో గదికి నలుగురు చొప్పున నలుబదిమంది దిగినచో, పట్టణపు అలవాటు ప్రకారము తలకు 135 లీటర్ల వంతున దినమునకు 5,400 లీటర్లు కావలెను. మిషన్ భగీరథలో పల్లె మనిషికి నిర్ణయించినది 100 లీటర్లు. అనగా ఆ విడిది దినమునకు ఏబదినలుగురు గ్రామస్థుల నీరు త్రాగును. ఇది భరింపదగినదే. కాని పది మీటర్ల పొడవు, ఐదు మీటర్ల వెడల్పు, 1.2 మీటర్ల లోతుగల ఈతకొలను తవ్వినచో ఒక్కసారి నింపుటకు 60,000 లీటర్లు పట్టును. అది ఆరువందల మంది దినపు నీరు. వేసవిలో బోర్లు అడుగంటు ఎఱ్ఱనేలలో ఈ కోరికకు పంచాయతీ మొగమోటము లేక కాదనవలెను. అనుమతి ఇచ్చు దినముననే బోరు లోతు, ఇంకుడుగుంత, వాననీటి నిల్వ వ్రాతపూర్వకముగా అడుగవలెను.

చెత్త మాటయు అట్టిదే. పంచాయతీ ట్రాక్టరు ఊరి చెత్తకే సరిపోవుచున్నది. విడిది చెత్తకు వేరుగా రుసుము పెట్టి, సీసాలు, ప్లాస్టిక్కు తిరిగి తీసికొనిపోవు బాధ్యత నడుపువానిపై ఉంచవలెను. పగిలిన సీసా ముక్క మేకకాలిలో దిగినపుడు నష్టపోవువాడు కాపరి. రాత్రి డీజే మ్రోగించు యువకుల బృందములకు, కుటుంబములకు ఒకే విడిది పొసగదు. ఒకరు వచ్చినచో రెండవవారు రారు. ఏది కావలెనో గ్రామసభలో ముందుగానే నిర్ణయించి, రాత్రి పది గంటల తరువాత చప్పుడు లేకుండ నియమము వ్రాయించుట మంచిది.

చివరగా సీతాఫలముల విషయము. దసరా దినములలో గుట్టలపై కాయ ఏరుకొని గంపలతో రహదారి ప్రక్కన అమ్ముకొనువారు మన ఊళ్లలోని పేద స్త్రీలు. విడిది వచ్చిన తరువాత అతిథులు వినోదముగా చెట్లపై పడి పచ్చికాయలు కోసి పారవేసినచో ఆ నాలుగు వారముల ఆదాయము పోవును. కోత ఊరివారిదని, అతిథులు వారివద్ద గంపలెక్కన కొనవలెనని, ధర గది తలుపు వద్దనే వ్రాసియుండవలెనని ఒప్పందములో ఒక వాక్యము చేర్చినచో చాలును. విడిది నడుపువారు దీనికి అభ్యంతరము చెప్పుదురని మేము అనుకొనము.