వృద్ధుల హోమ్‌లో పిల్లి: ఆస్కర్ నిజంగా చావును ముందే చెప్పేదా?

'ఆ పిల్లి ఎవరి మంచం ఎక్కి పడుకుంటే వాళ్లు కొన్ని గంటల్లో చనిపోతారు' అనే కథ సోషల్ మీడియాలో అప్పుడప్పుడూ తిరుగుతుంటుంది. పిల్లి మాత్రం నిజమే. పేరు ఆస్కర్. అమెరికాలోని ప్రావిడెన్స్ నగరంలో స్టీర్ హౌస్ అనే నర్సింగ్ హోమ్‌లో ఉండేది. మన దగ్గర నర్సింగ్ హోమ్ అంటే చిన్న ఆసుపత్రి. అక్కడైతే తమ పనులు తాము చేసుకోలేని పెద్దవాళ్లు ఏళ్ల తరబడి ఉండే చోటు.

స్టీర్ హౌస్ వాళ్లు కావాలనే పిల్లుల్ని పెంచారు. 2005లో కూనగా వచ్చిన ఆస్కర్, మతిమరుపు జబ్బు ముదిరినవాళ్లుండే మూడో అంతస్తులో పెరిగింది. కన్నపిల్లల పేర్లే గుర్తుకురాని దశ అది. వాళ్లతో మాట కలపడం కష్టం, పిల్లిని నిమరడానికి మాత్రం మాటలు అక్కర్లేదు. హోముల్లో జంతువుల్ని పెట్టడం వెనక ఆలోచన ఇదే. విచిత్రం ఏంటంటే, ఆస్కర్ అంత తేలిగ్గా ఎవరి దగ్గరికీ చేరే రకం కాదు.

అలాంటిది చివరి ఘడియల్లో ఉన్నవాళ్ల పక్కన మాత్రం చేరి పడుకునేది. అక్కడి డాక్టర్ డేవిడ్ డోసా 2007లో ప్రఖ్యాత వైద్య పత్రిక 'న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్'లో ఈ సంగతి రాశారు. అప్పటికే 25 మందికి పైగా మరణాల దగ్గర ఆస్కర్ ఉందట.

ఎలా తెలిసేది? చనిపోయే ముందు శరీరంలో పుట్టే రసాయనాల వాసన పసిగట్టి ఉంటుందని ఒక మాట. కప్పిన వెచ్చటి దుప్పటి కోసం వెళ్లేదని ఇంకో మాట. అది పడుకున్నా బతికినవాళ్లు ఎవరికీ గుర్తుండరు కదా అనేది మూడోది. అన్నీ అంచనాలే. మరణ ఘడియ అల్లాహ్‌కే తెలుసు, పిల్లికి గైబ్ అంటగట్టక్కర్లేదు. వాసన పట్టడం గైబ్ కాదు. బీపీ పడిపోతోంది, ఇంట్లోవాళ్లను పిలవండి అని డాక్టర్ చెప్పడం లాంటిదే.

అసలు ఉపయోగం కూడా అదే. ఆస్కర్ మంచం ఎక్కితే నర్సులు కుటుంబానికి ఫోన్ చేసేవారు. ఎవరూ లేనివాళ్లకు ఆ పిల్లే తోడు. చివరి క్షణంలో చెవి దగ్గర కలిమా వినిపించాలి, గొంతులో చుక్క నీళ్లు పోయాలి అనుకునే మనవాళ్లకు ఆ ఫోన్ విలువ వేరే చెప్పాలా?

పిల్లి తిరిగే చోట నమాజ్ ఎలా అని నానీలు, దాదీలు అడుగుతారు. హజ్రత్ అబూ ఖతాదా (ర) వుజూ నీళ్లు పిల్లి తాగడానికి వీలుగా గిన్నె వంచారని, పిల్లి నాపాక్ కాదని దైవప్రవక్త (స) చెప్పినట్లు తెలిపారని హదీసుల్లో ఉంది. వేరే నీళ్లుంటే పిల్లి తాగి మిగిల్చినవి వాడటం హనఫీ ఫిఖ్హ్‌లో మక్రూహ్, అంతే. మూత్రం తగిలిన బట్ట మాత్రం నాపాకే, ఉతకాల్సిందే.

ఆరోగ్యం సంగతి వేరు. పిల్లికి రేబిస్ టీకా పడాలి. దాని మలం తీసే పని పెద్దవాళ్లకు అప్పగించకూడదు. కర్ర పట్టుకుని నడిచేవాళ్ల కాళ్లకు అడ్డంపడితే తుంటి ఎముక విరగొచ్చు.

అమ్మీనో అబ్బానో హోమ్‌లో చేర్చాల్సి వస్తే ఇవన్నీ అడగండి. ఇంకోటి కూడా అడగండి: పరిస్థితి విషమిస్తే రాత్రి రెండింటికైనా ఫోన్ చేస్తారా?