ఆయిల్‌పామ్ తోట వద్దకే మరమ్మతు: ట్రైలర్ వర్క్‌షాప్ రూపకల్పన

ఏలూరు జిల్లా పెదవేగి పేరు చెప్పగానే ఆయిల్‌పామ్ గుర్తుకు వస్తుంది. 1995లో జాతీయ ఆయిల్‌పామ్ పరిశోధన కేంద్రంగా ఆరంభమైన నేటి భారతీయ ఆయిల్‌పామ్ పరిశోధన సంస్థ ఇక్కడే ఉంది. గెలలను ఆడించే కర్మాగారమూ ఇక్కడ ఉంది. పరిశోధనకు, కర్మాగారానికి ఇంత చేరువలో ఉన్న రైతు సైతం మోటారు ఆగినా, కోత కొడవలి విరిగినా దానిని మోసుకుని పట్టణానికి పోవలసి వస్తున్నది. మెకానిక్, వెల్డర్, ఎలక్ట్రీషియన్ తమ పనిముట్లతో తోటకే రాగలిగే ట్రైలర్ వర్క్‌షాప్‌ను ఎట్లా రూపొందించాలో ఈ వ్యాసం వివరిస్తుంది.

ఆలస్యానికి చెల్లించే మూల్యం

కోసిన గెలలను 24 గంటలలోపు కర్మాగారానికి చేర్చి ఆడించాలి. ఆలస్యమైతే నలిగిన పండ్లలోని లైపేజ్ ఎంజైము నూనెను విడగొట్టి, స్వేచ్ఛా కొవ్వు ఆమ్లాలను పెంచుతుంది. కోత 10 నుంచి 15 రోజులకు ఒకసారి వస్తుంది. ఆ రోజున పనిముట్టు చెడితే పండిన గెలల నుంచి పండ్లు రాలిపోతాయి, ఏరే కూలి ఖర్చు పెరుగుతుంది.

నీటి విషయంలో నష్టం ఇంకా లోతైనది. త్రికోణ పద్ధతిలో 9 మీటర్ల ఎడంతో నాటిన తోటలో హెక్టారుకు 143 చెట్లు ఉంటాయి. వేసవిలో చెట్టుకు రోజుకు 200 లీటర్ల చొప్పున లెక్కించినా హెక్టారుకు 28,600 లీటర్ల నీరు అందాలి. ఎద్దడి పదేపదే తగిలితే మగ పూగుత్తులు పెరుగుతాయి. దాని ప్రభావం సుమారు రెండేళ్ల తరువాత గెలల సంఖ్యలో కనిపిస్తుంది. అప్పటికి ఆనాడు ఆగిన మోటారు సంగతి ఎవరికీ గుర్తుండదు. సాగుశాస్త్రం బోధించే మేము మరమ్మతుల గురించి మాట్లాడటానికి కారణం ఇదే.

యంత్రాల కన్నా ముందు విడిభాగాలు

మరమ్మతు జాప్యంలో నాలుగు భాగాలు ఉంటాయి: కబురు అందే సమయం, ప్రయాణం, విడిభాగం కోసం వెతుకులాట, అసలు పని. ట్రైలర్‌లో ఎంత పెద్ద యంత్రాలు అమర్చినా, పది రూపాయల వాషరు కోసం తిరిగి ఏలూరు పోవలసి వస్తే ప్రయోజనం శూన్యం. అందువల్ల రూపకల్పన యంత్రాల జాబితాతో కాక, తోటలో తరచుగా వచ్చే లోపాల జాబితాతో మొదలు కావాలి. ఒక్కొక్క లోపానికి ఒక్కొక్క పెట్టె సిద్ధం చేయాలి.

• నీటి పెట్టె: మైక్రో జెట్లు, గొట్టాల జాయింట్లు, వాల్వులు, ఫిల్టరు జాలీలు.
• విద్యుత్ పెట్టె: స్టార్టరు కాంటాక్టులు, ఫ్యూజులు, కెపాసిటర్లు, కేబుల్ జాయింటు సామగ్రి, ఇన్సులేషన్ పరీక్షించే మెగ్గర్.
• కోత పెట్టె: ఉలులు, కొడవళ్లు, గడల బిగింపు క్లాంపులు, సానరాయి.

మోటారు రీవైండింగు ట్రైలర్‌లో చేయదగిన పని కాదు. లోపం కేబుల్‌లో ఉందా, స్టార్టరులో ఉందా, మోటారులో ఉందా అని తేల్చి చెప్పడమే అక్కడ చేయదగిన మేలు. దానివల్ల అనవసరంగా మోటారును బోరు నుంచి పైకి లాగే శ్రమ తప్పుతుంది. అల్యూమినియం గడ విరిగితే సాధారణ వెల్డింగు రాడ్డుతో అతుకు నిలవదు. లోపల గొట్టం తొడిగి రివెట్లతో బిగించాలి. కొడవలిని గ్రైండరుపై సానపట్టేటప్పుడు మాటిమాటికీ నీటిలో ముంచకపోతే అంచు నీలిరంగుకు తిరిగి పదును నిలవదు.

బరువు, కొలతలు

ఒకే ఇరుసు గల ట్రైలర్‌లో మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం లాగే వాహనపు కొక్కెంపై పడేటట్లు సామగ్రిని అమర్చాలి. ఉదాహరణకు మొత్తం బరువు 1,000 కిలోలు, గరిమనాభి ఇరుసుకు 0.3 మీటర్ల ముందు, కొక్కెం నుంచి ఇరుసుకు దూరం 2.5 మీటర్లు అనుకుందాం. కొక్కెంపై బరువు 1,000 × 0.3 ÷ 2.5 = 120 కిలోలు, అంటే 12 శాతం. బరువు వెనుకకు మళ్లితే ట్రైలర్ రోడ్డుపై అటూ ఇటూ ఊగుతుంది. జనరేటరు, కంప్రెసరు వంటి బరువైన వాటిని ఇరుసుకు దగ్గరగా, నేలకు వీలైనంత తక్కువ ఎత్తులో బిగించాలి. పని మొదలుపెట్టే ముందు నాలుగు మూలలా జాకీలు దించాలి.

త్రికోణ నాటులో వరుసల ఎడం సుమారు 7.8 మీటర్లే. మట్టలు దారి మీదికి వాలి ఉంటాయి కనుక పైకప్పు ఎత్తు తగ్గించి, పక్క తలుపులను పైకి లేపే రెక్కలుగా కాక కిందికి దించే బల్లలుగా అమర్చడం మేలు. ఆ బల్లే పని బల్ల అవుతుంది.

విద్యుత్తు, భద్రత

వెల్డింగుకు 100 ఆంపియర్లు వాడితే ఆర్క్ వోల్టేజి సుమారు 24. అంటే 2.4 కిలోవాట్లు. యంత్ర సామర్థ్యం 80 శాతమైతే జనరేటరు నుంచి 3 కిలోవాట్లు కావాలి. 0.8 పవర్ ఫ్యాక్టరు వద్ద 5 కేవీఏ జనరేటరు 4 కిలోవాట్లు ఇస్తుంది. కనుక వెల్డింగు జరుగుతుండగా కంప్రెసరు నడపరాదు. జనరేటరుకు ఎర్తింగు, ప్రతి ప్లగ్గుకు 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీ రక్షణ స్విచ్చి తప్పనిసరి.

ట్రైలర్‌ను కరెంటు తీగల కింద నిలపరాదు. అల్యూమినియం గడను సరిచూడటానికి నిలబెట్టిన క్షణంలోనే ప్రాణాపాయం పొంచి ఉంటుంది.

కొల్లేరు వైపు పోయేటప్పుడు

ఇదే ట్రైలర్ కొల్లేరు పరిసర చేపల చెరువులకూ పనికివస్తుంది. నీటిలో కరిగిన ప్రాణవాయువు తెల్లవారుజామున అతి తక్కువగా ఉంటుంది. ఆ వేళ ఏరియేటరు ఆగితే చేపలు చనిపోతాయి. కాబట్టి ఏరియేటరు బేరింగులు, సీళ్లతో వేరొక పెట్టె, రాత్రి పనికి దీపాలు ఉండాలి. కొల్లేరు 2002 నుంచి రామ్‌సర్ చిత్తడినేల. వాడిన నూనెను గట్టుపై పారబోయకుండా తిరిగి తెచ్చే మూత డబ్బా ట్రైలర్‌లో ఉండి తీరాలి.

ముగింపు

ఇటువంటి వర్క్‌షాప్‌ను ప్రవేశపెట్టే విస్తరణ శాస్త్రవేత్తలు మొదటి రోజు నుంచే ఒక నోటు పుస్తకం నిర్వహించాలి. పైన చెప్పిన నాలుగు భాగాల సమయాలను, లేక దొరకక ఆగిన విడిభాగాన్ని అందులో రాయాలి. ఒక వేసవి గడిచేసరికి ఏ పెట్టె నింపాలో, ఏ యంత్రాన్ని దించివేయాలో ఆ పుస్తకమే చెబుతుంది.