సూర్యనంది దగ్గర ట్యూషన్

బెలుం గుహల్లో పాతాళగంగ దాకా దిగి పైకొచ్చేసరికి మా మనవరాలు చెమటతో తడిసి ముద్దయింది. ఎండకు కళ్లు చిట్లించి, "తాతా, లోపల నీళ్లున్నాయి కదా, ఒక్క మొక్కా లేదేం?" అంది.

"వెలుతురు లేదుగా పాపా. ఏ గుహలోనైనా కరెంటు దీపాలు పెట్టి చూడు, కొన్నేళ్లకు వాటి పక్కన రాతి మీద పచ్చగా పాచి పడుతుంది. ఆ గుడ్డిదీపమే దానికి సూర్యుడు."

కొలిమిగుండ్ల దాటాక నల్లరేగడిలో ఒక కొర్రచేను కనబడితే కారాపించాను. "దీనికేం, కావలసినంత ఎండ!" అంది.

ఎండ ఉంటే చాలదమ్మా, తినడం రావాలి. వరిచేనుమీద నూరుపాళ్ల ఎండ పడిందనుకో. అందులో సగానికి పైగా ఆకుకు పనికిరాని రకం, చాలావరకు కంటికి కనబడని వేడి. మిగిలినదాంట్లో కొంత ఆకు తిప్పికొడుతుంది, కొంత లోపలి పనుల్లో ఖర్చయిపోతుంది. అన్నీ కలిసొచ్చినా వరి ఒంటికి పట్టేది నాలుగున్నర పాళ్లు మించదని లెక్క. నిజం పొలంలో ఒకటో రెండో. మీ అవ్వ వడ్డించినదాంట్లో నువ్వు తినేదీ అంతే!

మూతి ముడుచుకుని, "మరి కొత్త వంగడాలు ఎక్కువ తింటాయా?" అని అడిగింది.

చదువుకున్నవాళ్లు కూడా ఇక్కడే పొరబడతారు. మా చిన్నప్పటి వరి పొడుగ్గా పెరిగి, ఎరువు వేస్తే ఇంకా సాగి, గాలివానకు నేలకొరిగేది. పైరు బరువులో మూడో వంతు గింజ, తక్కినదంతా గడ్డి. పశువులకు పండగ, మనకు పస్తు. 1960ల్లో తైవాన్ నుంచి తైచుంగ్ నేటివ్ 1 అనే పొట్టివరి వచ్చింది. దాన్ని, జీఈబీ 24ను, మసూరిని కలిపి బాపట్లలో తీసిన బీపీటీ 5204, అదే సాంబమసూరి, 1986లో విడుదలైంది. మన కర్నూలు సోనా బస్తాల్లో ఉండేది ఈ బియ్యమే. పొట్టిరకాల్లో గింజ వాటా సగం దాకా పెరిగింది. ఆకు కొత్తగా ఎక్కువ వండిందేమీ లేదు. వండినదాన్ని కాడకు తగ్గించి వెన్నుకు పెట్టింది, అంతే.

ఆకు నిలబడే తీరు కూడా మార్చారు. పైఆకు విస్తరిలా పరుచుకుంటే మిట్టమధ్యాహ్నపు ఎండంతా దానిమీదే పడుతుంది. అది అంత తినలేదు, కిందివాటికి పోనివ్వదు. పంక్తిలో మొదటివాడికే గంగాళం కుమ్మరించినట్టు! ఆకులు నిటారుగా నిలిచే మొక్కల్ని ఏరి పెంచితే, ఎండ అడుగు బంతి దాకా అందింది.

"కొర్రకూ అంతేనా?"

కొర్ర వంటిల్లే వేరు. వరి ఆకులో బొగ్గుపులుసు గాలిని పట్టుకునేది రుబిస్కో అనే ఎంజైమ్. దానికి చత్వారం. ఒక్కోసారి ఆ గాలి బదులు ఆక్సిజన్‌ను పట్టుకుంటుంది. వేడి పెరిగేకొద్దీ తప్పులూ పెరుగుతాయి. వాటిని దిద్దుకోడానికి సంపాదనలో నాలుగో వంతు దాకా పోతుంది. కొర్ర, జొన్న, మొక్కజొన్న ఏం చేశాయంటే, రుబిస్కోను ఈనెల చుట్టూ ఉండే లోగదుల్లో కూర్చోబెట్టాయి. బయటి కణాలు బొగ్గుపులుసు గాలిని పట్టి లోపలికి అందిస్తూనే ఉంటాయి, ఇక పొరపాటుకు తావెక్కడ? ఆకు రంధ్రాలు బార్లా తెరవక్కర్లేదు గనక నీళ్లూ ఆదా. ఈ ఏర్పాటు ఏ శాస్త్రవేత్తా చేసింది కాదు, కోట్ల ఏళ్ల కిందట గడ్డిజాతులు తమంతట తాము నేర్చుకున్నది.

నంద్యాల పరిశోధనా స్థానం వాళ్లు కొర్రలో సూర్యనంది అనే రకం తీశారు. నవనందుల్లోని సూర్యనందిని తలుచుకున్నారో, పైనున్న సూర్యుణ్ణో గానీ, పేరు భలే కుదిరింది. రెండున్నర నెలల్లో కోతకొస్తుంది. తొందరగా పండే పైరు మొత్తంమీద తినే ఎండ తక్కువే. అయినా రేగడిలో తేమ ఆరిపోయాక ఎంత ఎండ కాస్తే ఏం లాభం? అందుకే తడి ఉన్నన్నాళ్లలో తిని లేచిపోయే రకాన్ని ఏరారు.

పాప కొర్రవెన్నును వేలితో నిమిరింది. "అయితే వరిని కొర్ర దగ్గర ట్యూషన్‌కు పంపాలి తాతా!"

పకపకా నవ్వాను. "ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థ వాళ్లు ఆ పనిమీద పడి పదిహేనేళ్లు దాటిందే! వరి ఇంకా ఎక్కాల దగ్గరే ఉంది."