ఆపత్కాలమున నిబ్బరము

“ధైర్యముగా నుండుము” అని పరులకు బోధించుట సులభము. ఆ ధైర్యమును ఎచ్చటనుండి తెచ్చుకొనవలెనో చెప్పువారు అరుదు. మన పల్నాటి సీమలో వాన తప్పిన యేడు మెరక చేలు ఎట్లు బీడువడునో ఎరుగనివారు లేరు. 2021–22 సంవత్సరమున నల్లతామర పురుగు సోకి మిరపతోటలు పాడైపోగా, అప్పు దెచ్చి పెట్టుబడి పెట్టిన రైతుల యిండ్లలో ఎట్టి దిగులు అలముకొన్నదో మన విద్యార్థులలో ననేకులు కన్నులార చూచినవారే. ఇంటి పెద్ద రోగమున బడుట, పరీక్షలో తప్పుట, ఆత్మబంధువు మరణించుట మొదలగు కష్టములు కులమతములు చూచి వచ్చునవి కావు. అట్టి వేళ మనస్సు కూలిపోకుండ నిలుపునది యేది? ఈ ప్రశ్నకు యూదుల చరిత్రయు ఆచారములును ఇచ్చు సమాధానమును ఈ వ్యాసమున వివరింపదలచితిమి.

అబ్రాహాము, మోషే, దావీదు మొదలగువారి కథలు మన పాఠకులకు పరిచితములే. ఆ జనులు తమ సర్వస్వమును పోగొట్టుకొనిన పిమ్మట ఎట్లు బ్రదికిరో తెలిసినవారు తక్కువ. క్రీ. పూ. 586లో బబులోను రాజగు నెబుకద్నెజరు సైన్యము యెరూషలేమును పట్టుకొని దేవాలయమును తగులబెట్టి, జనులలో ననేకులను చెరగొనిపోయెను. అంతకు కొన్ని యేండ్లకు ముందే చెరగొనిపోబడియుండినవారికి యిర్మీయా ప్రవక్త ఒక లేఖ వ్రాసియుండెను. రేపో మాపో తిరిగి వత్తుమని చేతులు ముడుచుకొని కూర్చుండక, ఉన్నచోటనే యిండ్లు కట్టుకొని, తోటలు నాటి, పెండ్లిండ్లు చేసికొని, ఆ పరాయి పట్టణముయొక్క క్షేమమును గూడ కోరుకొనుడని ఆ లేఖ సారాంశము. దుఃఖములో నున్నవారికి ఆయన మొదట చెప్పినది చేయవలసిన పనిని గూర్చియే.

కాలక్రమమున వారిలో కొందరు తిరిగి వచ్చి దేవాలయమును మరల కట్టుకొనిరి. క్రీ. శ. 70లో రోమా సేనాని యగు తీతు దానిని గూడ నాశనము చేసెను. అది మొదలు నేటివరకు ఆ దేవాలయము మరల లేవలేదు. బలులు అర్పించు చోటు పోయినది, పట్టణము పోయినది, పాలన పోయినది. ఆ దినములలో యోహానాను బెన్ జక్కయి అను వృద్ధగురువు ఉండెను. ముట్టడిలో నున్న పట్టణమునుండి ఆయనను శిష్యులు శవపేటికలో నుంచి, మరణించినవానిని మోసికొనిపోవునట్లు వెలుపలికి తెచ్చిరనియు, ఆయన రోమా సేనాధిపతి యగు వెస్పాసియను నెదుటికి పోయి, యబ్నె అను చిన్న పట్టణమును అందలి పండితులను తనకు విడిచిపెట్టుమని వేడెననియు యూదుల గ్రంథములు చెప్పుచున్నవి. దేశము పోవుచున్న సమయమున ఆయన అడిగి తెచ్చుకొన్నది ఒక పాఠశాల! పాఠశాలలో చదువుకొను మనము ఈ సంగతిని జ్ఞాపకముంచుకొనదగును.

యబ్నెలోను, తరువాతి శతాబ్దములలోను ఆ గురువులు చేసిన పని యేమనగా, దేవాలయమును ఆశ్రయించియుండిన భక్తిని ప్రతి యింటికి, ప్రతి వీధికి తగిన నిత్యకృత్యములుగా ఏర్పరచుట. బలికి బదులుగా ప్రార్థన, అధ్యయనము, పరోపకారము నిలిచినవి. వీనికి గోడలు అక్కరలేదు గావున శత్రువులు కూల్చుటకు వీలులేదు. కష్టకాలమున వారిని నిలిపిన ఏర్పాటులలో నాలుగింటిని ఇచ్చట తెలుపుదుము.

మొదటిది, దుఃఖమునకు చోటిచ్చుట. పరిశుద్ధ గ్రంథములోని విలాపవాక్యములు అను భాగము యెరూషలేము పతనమును గూర్చిన శోకము. దానిలో ఐదు అధ్యాయములు కలవు. హెబ్రీ భాషలో అక్షరములు ఇరువదిరెండు. మొదటి నాలుగు అధ్యాయములును ఆ అక్షరముల వరుసనుబట్టి కూర్చబడినవి. మూడవ అధ్యాయమున ఒక్కొక్క అక్షరమునకు మూడేసి వచనముల చొప్పున అరువదియారు వచనములు కలవు. ఈ వరుస తెలుగు అనువాదమున కానరాదు. బాలురు అక్షరములు దిద్దినట్లు, ఆ కవి తన దుఃఖమును మొదటి అక్షరము మొదలు కడపటి అక్షరము వరకు విడువక పలికెను. ఏదియు దాచలేదు; ఐనను దానికొక ఆదియు అంతమును ఏర్పడెను. యూదులు ఏటేట ఆబు మాసమున తొమ్మిదవనాడు, అనగా జూలై లేక ఆగస్టులో, ఉపవాసముండి, నేలమీదనో పొట్టి పీటలమీదనో కూర్చుండి ఈ గ్రంథమును చదువుదురు. ఆ దినము గడచిన పిమ్మట లేచి తమ పనులకు పోవుదురు. ఏడ్వకుమని ఆజ్ఞాపించుటకంటె, ఏడ్చుటకొక దినము నిర్ణయించుట మేలని వారు కనుగొనిరి.

రెండవది, దుఃఖించువానిని ఒంటరిగా విడువకుండుట. మరణము సంభవించిన యింట ఏడు దినములు సంతాపము పాటింతురు. భూస్థాపన తరువాత తినెడి మొదటి భోజనము ఆ యింటివారిది కాకూడదు. ఇరుగుపొరుగువారే దానిని తేవలెను. చావు జరిగిన యింట పొయ్యి వెలిగింపక, బంధువులు అన్నము తెచ్చి పెట్టు మన పల్లెల ఆచారమునకు ఇది ఎంత దగ్గరగా నున్నదో చూడుడు. పరామర్శకు వచ్చినవారు దుఃఖించువాడు నోరు విప్పువరకు తామై మాటలాడరాదను నియమము గూడ వారికి కలదు. యోబు స్నేహితులు ఏడు రాత్రింబగళ్లు మాటలేక ఆయన ప్రక్కను నేలపై కూర్చుండిరి. అంతవరకు వారు మంచి స్నేహితులే; అటుపిమ్మట నోరు తెరచి అతని కష్టమునకు కారణములు చెప్పబూనినప్పుడే అతనిని బాధించిరి. తలిదండ్రులను కోల్పోయినవారు పదునొకండు మాసములు ఒక ప్రార్థనను చెప్పవలెను. ఆ ప్రార్థనలో మరణమను మాటయే లేదు, అది దైవస్తుతి. దానిని చెప్పుటకు పదిమంది కూడవలెనని విధి. అందుచేత ఎంతటి దుఃఖములో నున్నవాడైనను ఇల్లు వెడలి, పదిమందిలో నిలుచుట తప్పదు.

మూడవది విశ్రాంతిదినము. శుక్రవారము ప్రొద్దు గ్రుంకుటకు ముందు ఇంటి స్త్రీ దీపములు వెలిగించును. అప్పటినుండి శనివారము రాత్రి చుక్కలు పొడుచువరకు సేద్యము లేదు, బేరము లేదు, లెక్కలు లేవు. ధర్మశాస్త్రము ఈ విశ్రాంతిని యజమానునికే గాక దాసునికి, పరదేశికి, ఎద్దునకు, గాడిదకును విధించినది. ఆనాడు ఇంటిల్లిపాదియు కూడి భుజింతురు. ఏడు దినముల సంతాపము నడుమ విశ్రాంతిదినము వచ్చినచో, బహిరంగముగా దుఃఖచిహ్నములు చూపుట గూడ ఆపుదురు. కష్టము తీరిన తరువాత విశ్రమింతమని వారు వేచియుండలేదు. కష్టము తీరకున్నను ఏడవ దినము వచ్చుచునే యుండును.

నాలుగవది దానము. దానికి వారు వాడు “సెదాకా” అను మాట న్యాయమను అర్థముగల ధాతువునుండి పుట్టినది. ఇచ్చువాడు తన దయను చూపుచున్నాడని గాక, తాను చేయవలసిన న్యాయమును చేయుచున్నాడని దాని భావము. దానము పుచ్చుకొను పేదవాడును అందులో కొంచెము మరియొకనికి ఈయవలెనని వారి విధి. తానును ఒకరికి ఉపయోగపడుదునను తలంపు మనుష్యుని వెన్నును నిలుపును గదా! పొలము కోయునప్పుడు అంచులు విడువవలెననియు, రాలిన వెన్నులను ఏరుకొనరాదనియు వారి ధర్మశాస్త్రము చెప్పుచున్నది. విధవరాలైన రూతు అట్లు పరిగె ఏరుకొనియే తన అత్తను పోషించెను. మన సీమలో పరిగె ఏరుకొను బీదలను చూచినవారికి ఈ కథ వేరుగా వివరింప నక్కరలేదు. హింసకు తాళలేక కుటుంబముతో స్వదేశము విడిచి, తుదకు ఐగుప్తులో వైద్యుడై స్థిరపడి 1204లో మరణించిన మైమొనిడీసు అను పండితుడు దానమును ఎనిమిది మెట్లుగా విభజించెను. అప్పిచ్చియో, భాగస్వామిగా చేర్చుకొనియో, పని చూపియో ఒకనిని స్వశక్తిపై నిలువబెట్టుట వానిలో అన్నిటికంటె పై మెట్టు.

ఈ ఏర్పాటులు ఎంతటి కష్టమునందు నిలిచినవో ఒక్క నిదర్శనము చూపుదుము. 1940 నవంబరులో జర్మను నాజీలు పోలండు దేశపు వార్సా నగరములో నాలుగు లక్షలకు మించిన యూదులను ఒక గోడలోపల బంధించిరి. ఆకలిచేతను రోగములచేతను జనులు వేలకొలది మరణించుచుండిరి. అట్టి చోటను రహస్యముగా బడులు నడచినవి. ఎమ్మానుయేలు రింగెల్‌బ్లూము అను చరిత్రకారుడును ఆయన మిత్రులును శనివారములలో కూడుకొని, అచ్చటి జీవితమును గూర్చిన దినచర్యలు, బాలుర వ్యాసములు, ప్రకటనపత్రములు మొదలగువానిని సేకరించిరి. ఆ కూటమికి “విశ్రాంతిదిన సంతోషము” అను అర్థముగల పేరు పెట్టుకొనిరి. ఆ కాగితములను రేకు పెట్టెలలోను పాలబిందెలలోను ఉంచి భూమిలో పాతిరి. 1946లో కొన్నియు, 1950లో కొన్నియు బయల్పడినవి. రింగెల్‌బ్లూము 1944లో చంపబడెను. నాజీల చేతులలో హతులైన యూదులు సుమారు అరువది లక్షలు. కావున ఈ ఆచారములు ఆపదను తప్పించునని మేము చెప్పజాలము. ఆపదలోపల గూడ మనుష్యుడు మనుష్యుడుగా నుండుటకు అవి తోడ్పడినవని మాత్రము ఆ పాలబిందెలు సాక్ష్యమిచ్చుచున్నవి.

ఇది దూరదేశపు సంగతియని తలపవలదు. గుంటూరు జిల్లాలో చేబ్రోలు సమీపమున కొత్తరెడ్డిపాలెమను గ్రామమున తెలుగు మాటలాడు యూదసమాజమొకటి కలదు. వారు తమ్ము “బెనె ఎఫ్రాయిము”, అనగా ఎఫ్రాయిము సంతతివారు, అని చెప్పుకొందురు. మాదిగ కులమున పుట్టి, వెనుక క్రైస్తవసంఘములలో నుండిన యీ కుటుంబములు షమూయేలు యాకోబి, సాదోకు యాకోబి అను సహోదరుల నాయకత్వమున గత శతాబ్దాంతమున యూదాచారములను అవలంబించి, ప్రార్థనామందిరము కట్టుకొన్నవి. వీరిని గూర్చి యూలియా ఎగోరోవా, షాహిద్ పర్వేజ్ అను పండితులు వ్రాసిన గ్రంథము 2013లో వెలువడినది. తాము పురాతన ఇశ్రాయేలీయుల సంతతియను వారి మాట వారి సంప్రదాయమునకు చెందినది. దానిని నిర్ణయించుట మా పని కాదు. మేము గమనించినది వేరు. వారిలో పలువురు పొలము పనులు చేసికొని బ్రతుకువారు. నెలజీతము గలవానికి విశ్రాంతిదినము సుఖము. కూలివానికి పని మానిన దినము కూలి లేని దినమే. అట్టివాడు దీపము వెలిగించి ఒక దినము తనదని చెప్పుటలో ఎంత నిబ్బరము కలదో ఆలోచింపుడు. తరతరములుగా తన కాలమంతయు ఇతరుల యధీనమై యుండినవానికి ఆ దినము ఒక గౌరవము గూడ నగును.

ఇక మన పని యేమి? ఎవరును తమ మతమును మార్చుకొననక్కరలేదు. ఈ యాచారములలోని సూత్రము అందరిదియు. ధైర్యము పుట్టువరకు కాచుకొని యుండక, నియమించిన వేళకు నియమించిన పనిని తోటివారితో కూడి చేయవలెను. ధైర్యము ఆ పని వెంట వచ్చును. పంట పోయిన యింటికి జనులు పోవుటకు జంకుదురు. ఆ యింటివారును సిగ్గుచే తలుపు వేసికొందురు. చావు జరిగిన యింటికి అన్నము తీసికొనిపోవు మనము, అప్పులలో మునిగిన యింటికిని అట్లే పోయి, కారణములు వెదకి నిందింపక, కొంతసేపు ఊరక కూర్చుండలేమా? వారమున కొక సాయంకాలము అప్పుల మాట, తగవుల మాట ఎత్తక, తలిదండ్రులును పిల్లలును కలసి భుజింపలేరా? పరీక్షలో తప్పిన బాలుడు ఒంటరిగా కుములుటకు బదులు, యూదబాలురు ధర్మశాస్త్రమును ఇద్దరిద్దరుగా కూర్చుండి చదివినట్లు, ఒక స్నేహితునితో దినమున కొక గంట నియమించుకొనవచ్చును. అతనికి తెలిసిన పాఠము కొంచెమైనను చిన్న తరగతి బాలునికి చెప్పినచో అదియు దానమే.

అప్పు తీరుటకు, రోగము కుదురుటకు తగిన ప్రయత్నములు వేరుగా చేయవలసినదే. మనస్సు మిక్కిలి క్రుంగి, బ్రతుకు వలదనిపించినప్పుడు పెద్దలతోను ఉపాధ్యాయులతోను వైద్యునితోను దాచక చెప్పుకొనుట సిగ్గుమాలిన పని యెంతమాత్రము కాదు. పదిమంది కూడనిదే దుఃఖితుని ప్రార్థన సాగదని ఆ పూర్వగురువులు విధించుటలోని యంతరార్థమును ఇదియే.

విద్యార్థులారా! మీ తరగతిలో నేడు ఎవని స్థలము ఖాళీగా నున్నదో చూడుడు. బడి విడిచిన పిమ్మట వాని యింటికి పొండు. చెప్పుటకు మాటలు దొరకకున్నను చింతలేదు.