సీసాపై చీటీ ఏ భాషలో నుండవలెను?

1953వ సంవత్సరమున ఆలూరు, ఆదవాని, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రరాష్ట్రమున చేరినవి. బళ్లారి మైసూరునకు పోయినది. పురుగునకు మాత్రము ఈ విభజనతో పనిలేదు. 2021లో గుంటూరు మిరపతోటలను పాడుచేసిన నల్ల తామరపురుగు బళ్లారి మిరపను సైతము విడువలేదు. పూతలో దాగి రసము పీల్చును, పూత రాలిపోవును. అప్పు తెచ్చి పైరుపెట్టిన రైతు భయపడి, రెండు మూడు మందులు కలిపి, వారమునకు రెండుమార్లు చల్లినచో ఆశ్చర్యమేమి? అయినను అట్టి చల్లకమువలన పురుగును తిను మిత్రకీటకములు ముందు చచ్చును. పురుగు మందునకు అలవాటుపడును.

మందే వలదని మేము వాదింపము. తెలిసి వాడవలెనందుము. తెలియుటకు సాధనము సీసాపై చీటీ, దానితోడి కరపత్రము.

1958లో కేరళమున పారథియాన్ సోకిన ఆహారము తిని నూరుమందికి పైగా మరణించిరి. 1968లో క్రిమిసంహారకముల చట్టము, 1971లో నిబంధనలు వచ్చినవి. సీసాపై త్రికోణపు రంగు విషతీవ్రతను దెలుపవలెను: ఎరుపు అత్యంత విషము, పిదప పసుపు, నీలము, ఆకుపచ్చ. ఆకుపచ్చ యన్నంతమాత్రమున త్రాగదగినదని కాదు సుమా! విషలక్షణములు, ప్రథమచికిత్స, విరుగుడు కరపత్రమున నుండవలెను. చీటీ హిందీ, ఇంగ్లీషులతోపాటు సరుకు అమ్ముడగు ప్రాంతపు ఒకటి రెండు భాషలలో ముద్రింపవలెనని నిబంధన.

ఈ "ఒకటి రెండు" అను మాటయే మాకు ముఖ్యము. ఒకటితో సరిపెట్టుకొను వ్యాపారి నిబంధనను అక్షరాల మీరినట్లు కాదు. కాని సిరుగుప్ప ప్రాంతమున, తుంగభద్ర కాలువక్రింద, కన్నడ రైతు ప్రక్కనే తెలుగు రైతు సేద్యము చేయుచున్నాడు. ఇట్టి సరిహద్దు మండలమున రెండు భాషలును ఉండవలెననుటే నిబంధన యుద్దేశమునకు తగిన అర్థము. కన్నడమును తగ్గింపుమని మేము కోరుట లేదు. దాని ప్రక్కనే తెలుగును చేర్పుమనుచున్నాము. అక్షరములు కంటికి కనబడునంత పెద్దవిగా నుండిన మరియు మంచిది.

చీటీ చదువలేని రైతునకు అంగడివాని మాటయే వేదము. ఆ మాటకు సాక్ష్యము లేదు. అమ్మకమునకు బిల్లు ఇయ్యవలెనని నిబంధనలు చెప్పుచున్నవి. దానిని అడిగి తీసికొనుట మేలు.

మందు చల్లుచు సొమ్మసిల్లినవానిని ఆసుపత్రికి చేర్చినపుడు వైద్యుడు మొదట అడుగునది మందు పేరు. ఆర్గానోఫాస్ఫరస్ జాతి విషమైనచో అట్రొపీన్ ఇత్తురు. అన్ని మందులకును అది విరుగుడు కాదు. కావున రోగితోపాటు సీసాయు, కరపత్రమును కొనిపోవలెను. ఈ సంగతియు ఇంటివారు చదువగల భాషలో, సీసాపైననే, పెద్ద యక్షరములలో నుండవలెను.