రిఫరీకి వీడియో సాయం: ఏ తప్పుకు, ఎంత ఖర్చుతో?

2024 జూన్ 11న దోహాలోని జాసిం బిన్ హమద్ స్టేడియంలో భారత ఫుట్‌బాల్ జట్టు ఖతర్‌తో ఆడింది. ప్రపంచ కప్ అర్హత పోటీల రెండో దశలో మనకు అది చివరి మ్యాచ్. 37వ నిమిషంలో లాలియన్‌జువాలా ఛాంగ్తే గోలు కొట్టాడు. 73వ నిమిషం దాకా మనవాళ్లే ముందున్నారు. అప్పుడు ఖతర్ ఆటగాడు యూసుఫ్ ఐమన్ తలతో కొట్టిన బంతిని మన గోల్‌కీపర్ గుర్‌ప్రీత్ సింగ్ సంధు ఆపాడు. బంతి అతణ్ణి దాటి, గోలు పక్కగా గీత బయటికి పోయింది. మరో ఖతర్ ఆటగాడు దాన్ని కాలితో లోపలికి లాగాడు, ఐమన్ గోల్లోకి తన్నాడు. మన ఆటగాళ్లు చేతులెత్తి అరిచినా రిఫరీ గోలు ఇచ్చేశాడు. 85వ నిమిషంలో ఖతర్ రెండో గోలు చేసి 2-1తో గెలిచింది.

ఈ ఒక్క నిర్ణయం విలువ ఎంతో లెక్క వేసి చూడండి. ఆ మ్యాచ్‌కు ముందు భారత్‌కు 5 పాయింట్లున్నాయి. గెలిస్తే 8 అయ్యేవి. అదే రోజు అఫ్గానిస్తాన్‌ను ఓడించిన కువైట్ 7 పాయింట్లతో మూడో దశకు వెళ్లింది, మనం 5 దగ్గరే ఆగిపోయాం. ఆ గోలు ఇవ్వకపోయినా చివరి పావుగంటలో ఖతర్ మరోటి కొట్టేదేమో, ఎవరూ చెప్పలేరు. కానీ అవకాశం మన చేతిలో ఉండగా పోయిందన్నది నిజం. కొద్ది రోజుల్లోనే కోచ్ ఇగోర్ స్టిమాచ్‌ను తప్పించారు. ఆయన స్థానంలో వచ్చిన మనోలో మార్క్వెజ్ మన హైదరాబాదు వారికి పరిచితుడే. 2021-22లో హైదరాబాద్ ఎఫ్‌సీని ఇండియన్ సూపర్ లీగ్ విజేతగా నిలిపింది ఆయనే. కొత్త కోచ్‌గా ఆయన మొదటి మ్యాచ్‌లు 2024 సెప్టెంబరులో గచ్చిబౌలిలోనే జరిగాయి.

దోహాలో ఆ రోజు వీడియో సహాయ రిఫరీ లేడు. ఆ దశ పోటీల్లో ఆ ఏర్పాటే లేదు. ఇంట్లో ఫోనులో చూస్తున్న కుర్రాడికి అర నిమిషంలో రీప్లేలో కనబడింది, నిర్ణయం చెప్పవలసిన మనిషికి మాత్రం కనబడలేదు. సంపర్క తరగతుల్లో ఈ ఘట్టం చెప్పగానే విద్యార్థులు ముక్తకంఠంతో "వీడియో పెట్టాల్సిందే" అంటారు. నేనూ చాలావరకు ఒప్పుకుంటాను. అయితే వీడియో ఏ రకం తప్పును సరిదిద్దగలదు, ఏది దాని చేతిలో లేదు అన్నది తెలియకుండా ఆ మాట అనకూడదు.

వాస్తవం, అభిప్రాయం

రిఫరీ నిర్ణయాలు రెండు రకాలు. బంతి గీత దాటిందా, ఆటగాడు ఆఫ్‌సైడ్‌లో ఉన్నాడా, తప్పు పెనాల్టీ పెట్టె లోపల జరిగిందా బయటా అన్నవి వాస్తవానికి సంబంధించినవి. వీటికి ఒకే సమాధానం ఉంటుంది, కొలిస్తే తెలుస్తుంది. ఆ తోపు ఎర్ర కార్డు ఇచ్చేంత తీవ్రమా, చేయి సహజంగానే అక్కడుందా అన్నవి అభిప్రాయానికి సంబంధించినవి. వీటిని పదిమంది రిఫరీలకు పదిసార్లు చూపినా ఏకాభిప్రాయం రాకపోవచ్చు.

మొదటి రకంలో కూడా కంటిని నమ్మడం కష్టమే. నియమం ప్రకారం బంతి మొత్తం గీత వెలుపలి అంచును దాటితేనే బయటికి పోయినట్టు. బంతి చుట్టుకొలత 68 నుంచి 70 సెంటీమీటర్లు, అంటే అడ్డంగా సుమారు 22 సెంటీమీటర్లు. నేలను తాకేది దాని కింది మధ్య బిందువు మాత్రమే. ఆ బిందువు గీత దాటి 10 సెంటీమీటర్ల దూరంలో ఉన్నా, పై నుంచి చూస్తే బంతి అంచు ఇంకా గీతమీదే ఉంటుంది. పక్కనుంచి చూసేవారికి మాత్రం బంతికీ గీతకూ మధ్య పచ్చగడ్డి కనబడుతుంది. 2022 డిసెంబరు 1న ప్రపంచ కప్‌లో జపాన్, స్పెయిన్ మ్యాచ్‌లో జరిగింది ఇదే. మితోమా గీత దగ్గర బంతిని వెనక్కి తన్నాడు, తనాకా గోలు చేశాడు. టీవీలో చూసిన చాలామంది బంతి బయటికి పోయిందనే అనుకున్నారు. వీడియో పరిశీలనలో మిల్లీమీటర్ల తేడాతో లోపలే ఉందని తేలింది. జపాన్ 2-1తో గెలిచింది, ఆ ఫలితంతో జర్మనీ ఇంటికి పోయింది. ఒకే దేశంలో రెండేళ్లు తిరగకుండా జరిగిన ఈ రెండు ఘటనలను పక్కపక్కన పెట్టి చూడండి. సరైన కోణంలో కెమెరా ఉన్నచోట కంటికి కనబడినదానికి భిన్నమైన నిజం బయటపడింది. పరిశీలనే లేనిచోట బయటికి పోయిన బంతి గోలైంది.

ఏర్పాటు ఎలా పనిచేస్తుంది

ఆట నియమాలను నిర్ణయించే అంతర్జాతీయ మండలి 2018 మార్చిలో వీడియో సహాయ రిఫరీ పద్ధతిని నియమావళిలో చేర్చింది. ఆ వేసవిలోనే రష్యా ప్రపంచ కప్‌లో వాడారు. అంతకుముందే, 2012లో, గోలు గీత సాంకేతికతకు అనుమతి దొరికింది. 2010 ప్రపంచ కప్‌లో జర్మనీపై ఇంగ్లండ్ ఆటగాడు లాంపార్డ్ కొట్టిన బంతి గీత దాటి లోపల పడినా గోలు ఇవ్వకపోవడం ఆ మార్పుకు ఊపునిచ్చింది.

2018లో రాసుకున్న పద్ధతిలో వీడియో జోక్యం నాలుగు సందర్భాలకే పరిమితం: గోలు, పెనాల్టీ, నేరుగా ఇచ్చే ఎర్ర కార్డు, ఒకరికి బదులు మరొకరికి కార్డు చూపిన పొరపాటు. గదిలో కూర్చున్న రిఫరీ ప్రతి గోలునూ చడీచప్పుడు లేకుండా పరిశీలిస్తాడు. స్పష్టమైన, కొట్టొచ్చినట్టు కనబడే తప్పు ఉంటేనే మైదానంలోని రిఫరీకి చెవిలో చెబుతాడు. ఆఫ్‌సైడ్ వంటి వాస్తవమైతే ఆ మాటతోనే నిర్ణయం మార్చవచ్చు. అభిప్రాయానికి సంబంధించినదైతే సాధారణంగా రిఫరీ గీత పక్కనున్న తెర దగ్గరికి వెళ్లి తానే చూస్తాడు. ఏదైనా ఆఖరి మాట ఆయనదే.

నియమావళిలో ఇంకో జాగ్రత్త ఉంది, దీన్ని చాలామంది పట్టించుకోరు. కాలు ఎక్కడ తగిలింది, బంతి బయటికి పోయిందా వంటి వాటికే నెమ్మది చిత్రం వాడాలి. దెబ్బ తీవ్రతను మామూలు వేగంలోనే చూడాలి. నెమ్మదిగా తిప్పి చూపితే అనుకోకుండా తగిలిన దెబ్బ కూడా కావాలని కొట్టినట్టే కనబడుతుంది.

ఫలితం ఉందా అంటే ఉంది. ప్రయోగదశలో 800కు పైగా మ్యాచ్‌లను పరిశీలించినప్పుడు కీలక నిర్ణయాల్లో సరైనవి సుమారు 93 శాతం నుంచి దాదాపు 99 శాతానికి పెరిగాయి. అయితే మొదటి అంకెనూ గమనించండి. వీడియో లేకుండానే నూటికి తొంభై మూడు సరైనవి. రిఫరీలను తిట్టేటప్పుడు ఈ సంగతి ఎవరికీ గుర్తుండదు.

వీడియోకు అందనిది

2023 మార్చి 3న బెంగళూరులో ఇండియన్ సూపర్ లీగ్ నాకౌట్ మ్యాచ్ అదనపు సమయంలో సునీల్ ఛెత్రి ఫ్రీ కిక్‌ను చప్పున తన్ని గోలు చేశాడు. కేరళ బ్లాస్టర్స్ గోడ కట్టుకోలేదు, గోల్‌కీపర్ సిద్ధంగా లేడు. రిఫరీ గోలు ఇచ్చాడు. కేరళ కోచ్ ఇవాన్ వుకోమనోవిచ్ జట్టును బయటికి పిలిచేశాడు. మ్యాచ్ బెంగళూరుకు దక్కింది, కేరళ క్లబ్బుకు 4 కోట్ల రూపాయల జరిమానా, కోచ్‌కు 10 మ్యాచ్‌ల నిషేధం పడ్డాయి. ఆ తర్వాతే మనదేశంలో వీడియో కావాలన్న గొంతు బాగా పెరిగింది.

వీడియో ఉంటే ఆ వివాదం తీరేదా? నా లెక్కలో తీరేది కాదు. బంతి ఎక్కడుందో, ఎవరు తన్నారో అందరూ చూశారు. తగవల్లా రిఫరీ త్వరగా తన్నడానికి అనుమతించాడా, విజిల్ కోసం ఆగమన్నాడా అన్నదే. అది ఆటగాళ్లకూ రిఫరీకీ మధ్య మాట, సైగ. వీడియో జోక్యానికి ఏర్పరచిన నాలుగు సందర్భాల్లో ఆట తిరిగి మొదలుపెట్టే తీరు లేదు. దానికి మందు రిఫరీ శిక్షణే.

ఇక గదిలో కూర్చునేదీ మనిషే. 2023 సెప్టెంబరు 30న టాటెన్‌హామ్‌పై లివర్‌పూల్ ఆటగాడు లూయిస్ దియాస్ న్యాయంగా గోలు చేశాడు. మైదానంలో ఆఫ్‌సైడ్ అన్నారు. వీడియో రిఫరీ గీతలు గీసి చూసి అది గోలేనని సరిగ్గానే గుర్తించాడు. కానీ మైదానంలోనూ గోలే ఇచ్చారని పొరబడి "పరిశీలన పూర్తయింది" అన్నాడు. ఆట మొదలైపోయింది, గోలు పోయింది. యంత్రం సరిగ్గా చూపింది, మాట తప్పింది.

క్రికెట్‌లో బాగా కుదిరింది కదా అని అడుగుతారు. అక్కడ ప్రతి బంతికీ ఆట ఆగుతుంది, ఫుట్‌బాల్‌లో ఆపితేనే ఆగుతుంది. గోలు పడగానే ఎగిరి గంతేయడానికి రెండు నిమిషాలు ఆగవలసి రావడం స్టేడియంలోని ప్రేక్షకుడికి చిన్న నష్టం కాదు. స్వీడన్ క్లబ్బులు అభిమానుల మాట విని ఈ పద్ధతినే వద్దన్నాయి. ఇంగ్లండ్‌లో 2024లో రద్దు ప్రతిపాదన వచ్చినా 19-1 ఓట్లతో వీగిపోయింది.

మనకు ఏది తగును

పూర్తి ఏర్పాటుకు చాలా కెమెరాలు, ప్రత్యేక గది, శిక్షణ పొందిన వీడియో రిఫరీలు కావాలి. ఒక్క గోలు గీత సాంకేతికతకే సాధారణంగా ఒక్కో గోలుకు ఏడు కెమెరాలు పెడతారు. మన క్లబ్బుల స్థితి చూడండి. 2022లో విజేతగా నిలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీ ఆర్థిక ఇబ్బందుల్లో పడి చివరికి 2025లో ఢిల్లీకి తరలిపోయింది. సయ్యద్ అబ్దుల్ రహీం వంటి కోచ్‌ను దేశానికిచ్చిన ఊళ్లో ఇప్పుడు ఆ స్థాయి క్లబ్బు లేదు. అలాంటిచోట యూరప్ ఏర్పాటును యథాతథంగా దింపుకోవడం కష్టం.

మధ్యేమార్గం ఒకటుంది. 2024లో కొలంబియాలో జరిగిన 20 ఏళ్లలోపు మహిళల ప్రపంచ కప్‌లో ఫుట్‌బాల్ వీడియో సపోర్ట్ అనే పద్ధతిని పరీక్షించారు. ఇందులో వీడియో గదిలో రిఫరీ ఉండడు. కోచ్‌లకు మ్యాచ్‌కు రెండు అప్పీళ్లు ఉంటాయి, అడిగితే రిఫరీ తెర దగ్గరికి వెళ్లి చూస్తాడు. అప్పీలు నెగ్గితే అది ఖర్చు కాదు. కొద్ది కెమెరాలతోనే నడుస్తుంది. దోహాలో ఇది ఉండి ఉంటే మన కోచ్ ఒక్క అప్పీలు చేస్తే చాలేది. మన లీగ్‌కు మొదట ఇదే తగునని, మిగిలిన డబ్బు జిల్లా స్థాయి రిఫరీల శిక్షణకు పెట్టాలని నా అభిప్రాయం. మీరు విభేదించవచ్చు, కారణాలు రాయండి.

కృత్యం: గొల్లపల్లి, కోరుట్ల, సిరిసిల్ల, ఎక్కడి వారైనా మీ బడి మైదానంలో ముగ్గుతో ఒక గీత వేయండి. గీతకు సరిగ్గా ఎదురుగా ఒక ఫోను, పక్కకు పది అడుగుల దూరంలో మరో ఫోను పెట్టి, బంతిని గీత మీదుగా ఇరవైసార్లు నెమ్మదిగా దొర్లించండి. మధ్యలో నిలబడిన మీ మిత్రుణ్ణి ప్రతిసారీ "లోపల" లేదా "బయట" అని చెప్పమనండి. మూడు సమాధానాలనూ పట్టికలో రాయండి. రెండు ఫోన్లూ ఎన్నిసార్లు ఒకదానితో ఒకటి విభేదించాయో లెక్కించి, వచ్చే సంపర్క తరగతికి తీసుకురండి.