యాభై రెండు మిల్లీమీటర్ల నమ్మకం

1936లో నిడమర్తి సూరయ్య రాజమండ్రిలో దుర్గా సినీటోన్ నెలకొల్పారు. ఆంధ్రదేశంలో తొలి సినిమా స్టూడియో అదే. ఆ కాలపు కెమెరామన్లకు ఒక పెద్ద చిక్కు ఉండేది. షాట్ నడుస్తున్నంతసేపూ లెన్సు ఏం చూస్తోందో వాళ్లకు కనపడేది కాదు. మిచెల్ లాంటి కెమెరాల్లోనైతే ముందు కెమెరా బాడీని పక్కకు జరపాలి, లెన్సులోంచి చూసి ఫోకస్ పెట్టుకోవాలి, మళ్లీ యథాస్థానానికి తేవాలి. మోటారు తిరగడం మొదలయ్యాక పక్కన తగిలించిన వ్యూఫైండరే దిక్కు.

మరుసటి ఏడాదే జర్మనీలో ఆ చిక్కు విడిపోయింది. మ్యూనిక్‌లోని ఆరీ కంపెనీ 1937లో ఆరీఫ్లెక్స్ 35 కెమెరాని బయటపెట్టింది. అందులోని కిటుకు ఇంజనీరు ఎరిక్ కేస్ట్నర్‌ది. ఫిల్ము సెకనుకి 24 సార్లు ఆగుతూ కదులుతుంది. కదిలేటప్పుడు వెలుగు పడకుండా షట్టర్ అడ్డం వస్తుంది. అలా అడ్డుపడ్డ వెలుగంతా వృథాయే. కేస్ట్నర్ ఆ షట్టర్‌నే అద్దంగా చేసి, 45 డిగ్రీలు వాల్చి పెట్టాడు. దాంతో వృథా వెలుగు వ్యూఫైండర్‌లోకి మళ్లి, లెన్సు చూసే బొమ్మే కెమెరామన్ కంటికీ అందింది. కెమెరా కూడా చేత్తో పట్టుకుని తీయగలిగేంత చిన్నది.

ఆ వంశంలోదే మనవాళ్లు ‘టూ సీ’ అని పిలిచే ఆరీ 2సీ. ఔట్‌డోర్ అంటే ఏళ్ల తరబడి అదే. మోత మాత్రం ఎక్కువ. లొకేషన్‌లో రికార్డు చేసిన మాటలు పనికొచ్చేవి కావు, తర్వాత డబ్బింగ్ చెప్పుకోవాల్సిందే.

అయితే అద్దం తెచ్చిన సుఖంలోనే ఒక మెలిక ఉంది. కంటికి కనపడే బొమ్మ పడేది వ్యూఫైండర్ గాజు మీద. సినిమా అయ్యే బొమ్మ పడేది ఫిల్ము మీద. పైగా ఫిల్ము మీద వెలుగు పడే ఆ క్షణంలో కంటికి చీకటే. రెండు చోట్లా బొమ్మ ఒకేలా కుదరాలంటే లెన్సు మౌంట్ నుంచి ఫిల్ము దాకా దూరం సరిగ్గా 52.00 మిల్లీమీటర్లు ఉండాలి. గాజు కూడా దానికి సరిపడా దూరంలోనే కూర్చోవాలి. ఆ దూరం చెడితే కంటికి బొమ్మ కత్తిలా ఉంటుంది, నెగటివ్ మీద మాత్రం ‘సాఫ్ట్’ అవుతుంది.

ఎంత తేడా వస్తే కొంప మునుగుతుంది? లెక్క వేద్దాం. 18 ఎం.ఎం. లెన్సు తగిలించి, రాజమండ్రి పుష్కర ఘాట్ నుంచి గోదావరి అవతల కొవ్వూరు ఒడ్డు కోసం ఫోకస్‌ని అనంతం గుర్తు మీద పెట్టాం. మౌంట్ నుంచి ఫిల్ము దాకా ఉండే దూరం 0.05 మిల్లీమీటరు ఎక్కువైందనుకోండి. అది ఒక వెంట్రుక మందం కూడా కాదు. అయినా ఫోకస్ ఆరున్నర మీటర్ల దగ్గరే ఆగిపోతుంది. అదే తేడా 100 ఎం.ఎం. లెన్సుకైతే ఫోకస్ 200 మీటర్ల దగ్గర పడుతుంది. అంటే వైడ్ లెన్సు మీద చెక్కిన దూరాల గుర్తులు ఎక్కువ అబద్ధమాడతాయి. ఫిల్ము మీద బొమ్మ వెడల్పు దాదాపు 22 మిల్లీమీటర్లు. 11 మీటర్ల తెర మీద అది 500 రెట్లవుతుంది. లెన్సుని ఎఫ్ 2 దాకా తెరిచి ఈ తేడాతో తీస్తే ఒడ్డున ఉన్న ప్రతి చుక్కా తెర మీద 12 మిల్లీమీటర్ల మచ్చగా అలుక్కుపోతుంది.

‘మూగ మనసులు’ (1964) గోదావరి మీద తీసిన సినిమా. దర్శకుడు ఆదుర్తి సుబ్బారావు రాజమండ్రివాడే, కెమెరా పి.ఎల్. రాయ్. బాలు మహేంద్ర కెమెరా పట్టిన ‘శంకరాభరణం’ (1980) కూడా రాజమండ్రి చుట్టుపక్కల చాలా భాగం తీశారు. అప్పట్లో తెలుగు సినిమాలకు ల్యాబులు ఎక్కువగా మద్రాసులోనే. ఎక్స్‌పోజ్ చేసిన డబ్బాలు రైలెక్కి, కడిగించుకుని, రషెస్ చూసిన కబురు తిరిగి వచ్చేసరికి రోజులు పట్టేవి. అప్పటికి కాల్షీట్లు అయిపోతే చేసేదేమీ ఉండదు. అందుకే బయల్దేరకముందే కెమెరా టెస్టు.

అలాంటి టెస్టుల్లో చూడముచ్చటైనది స్టెడీ టెస్టు. కెమెరాని కదలని స్టాండు మీద బిగించి, నల్ల అట్ట మీద గీసిన తెల్ల గీతల్ని కాసేపు తీస్తారు. ఫిల్ముని వెనక్కి చుట్టి, సరిగ్గా అదే ఫ్రేము నుంచి, అట్టని కొద్దిగా జరిపి మళ్లీ దాని మీదే తీస్తారు. కడిగి తెర మీద వేస్తే రెండు జతల గీతలు పక్కపక్కన కనపడతాయి. వాటి మధ్య సందు బిగుసుకుని ఉంటే కెమెరా మంచిది. గీతలు ఒకదాని పక్కన ఒకటి వణికితే గేటులో ఫిల్ము నిలబడట్లేదన్నమాట. 0.02 మిల్లీమీటరు వణుకు తెర మీద సెంటీమీటరు.

2010లో వచ్చిన ఆరీ అలెక్సాలో ఫిల్ము బదులు సెన్సర్ ఉంది. వ్యూఫైండర్ ఎలక్ట్రానిక్ అయింది. అద్దం షట్టర్ అలెక్సా స్టూడియో అనే మోడల్‌లో మాత్రం ఇంకొన్నాళ్లు బతికింది. లెన్సు తగిలించే పి.ఎల్. మౌంట్‌లో ఆ 52 మిల్లీమీటర్లు మాత్రం చెక్కుచెదరలేదు. ఇప్పుడు సెన్సర్ మీద పడిందే మానిటర్‌లో కనిపిస్తుంది, ఇక టెస్టెందుకు అనిపించవచ్చు. కానీ ఎండలో ఏడంగుళాల మానిటర్ దాచిన సాఫ్ట్‌నెస్‌ని థియేటర్ తెర దాచదు.

కాబట్టి గోదావరి ఒడ్డున షూటింగ్ పెట్టుకున్నవాళ్లు కెమెరా అద్దెకు తెచ్చుకున్నాక ఒక పూట టెస్టుకి కేటాయించాలి. కావలసిన సరంజామా పెద్దదేం కాదు: గట్టి ట్రైపాడ్, కొలత టేపు, నలుపు తెలుపు చీలికలు నడిమికి కూడే ఫోకస్ చార్టు, 18 శాతం గ్రే కార్డు, 24 రంగుల చార్టు, లైట్ మీటర్, ఒక పెద్ద మానిటర్. టేపుతో రెండు మీటర్లు కొలిచి, లెన్సు పూర్తిగా తెరిచి, గుర్తు రెండు దగ్గర పెట్టి చార్టు తీయండి. తెచ్చిన ప్రతి లెన్సుకీ ఇదే పని. మూత పెట్టి ఒక నిమిషం రికార్డు చేస్తే చెడిపోయిన పిక్సెళ్లు చుక్కలుగా బయటపడతాయి. నీటి మెరుపుకి మధ్యాహ్నం వెలుగు తగ్గించే ఎన్.డి. ఫిల్టర్లు దట్టంగా వేయక తప్పదు. కొన్ని ఫిల్టర్లు పరారుణ కిరణాల్ని ఆపలేవు. ఎండలో ఒక నల్ల గుడ్డ తీసి చూడండి, గోధుమ ఎరుపులోకి తిరిగితే ఫిల్టర్ మార్చమని అడగాలి. మెమరీ కార్డులన్నీ నింపి, కంప్యూటర్‌లోకి దించి, ఎడిటింగ్ దాకా ఒకసారి నడిపించాలి. ఆ ఫుటేజీని ఊళ్లో ఏదైనా థియేటర్‌లో ఉదయం ఆట మొదలవకముందు వేయించుకుని చూడగలిగితే, ఆ అయిదు నిమిషాల ప్రదర్శన అద్దెని మించిన బీమా మరొకటి లేదు.